పన్నెండు గెలిచిన టీమ్ నుంచి ఒకటే గెలిచిన టీమ్‌కు

2025 అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌లో నార్త్ టెక్సస్ యూనివర్సిటీ పద్నాలుగు ఆటలు ఆడి పన్నెండు గెలిచింది. ఆ యూనివర్సిటీ చరిత్రలో అన్ని గెలుపులు ఎప్పుడూ లేవు. అదే ఏడాది పక్క రాష్ట్రంలో ఓక్లహామా స్టేట్ పన్నెండు ఆడి ఒక్కటి గెలిచింది. సీజన్ ఇంకా నడుస్తుండగానే నార్త్ టెక్సస్ కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహామా స్టేట్ ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. ఆ తర్వాత, ఆ ఏడు దేశం మొత్తంలో ఎక్కువ పాసింగ్ గజాలు సాధించిన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడిని నడిపించే ఆటగాడు, డ్రూ మెస్టమేకర్ కోచ్ వెనకే వెళ్లాడు. రన్నింగ్ బ్యాక్ కేలబ్ హాకిన్స్, రిసీవర్ వయట్ యంగ్, ఇంకా చాలామంది అదే దారి పట్టారు. పన్నెండు గెలిచిన టీమ్ ఖాళీ అయింది, ఒకటి గెలిచిన టీమ్ నిండింది.

నేను నార్త్ టెక్సస్ అభిమానిని కాబట్టి ఇది నాకు మంటగానే ఉంటుంది, దాచను. ఆ యూనివర్సిటీ ఉన్న డెంటన్, డాలస్‌కు ఉత్తరాన ఉంటుంది, మనవాళ్లకు కొత్త ఊరేం కాదు, ఎంఎస్ కోసం అక్కడికి ఏటా తెలుగు పిల్లలు వెళ్తూనే ఉంటారు. ఆ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా చేరే యూటీ డాలస్‌లో, యూటీ ఆర్లింగ్టన్‌లో ఫుట్‌బాల్ టీమే లేదు. ఆర్లింగ్టన్‌లో ఉండేది, 1985 సీజన్ తర్వాత ఎత్తేశారు. శనివారం వస్తే అరవడానికి మనకంటూ ఒక టీమ్ ఉందన్నది డెంటన్‌వాళ్ల గొప్ప.

నా మంటను పక్కనపెట్టి చూస్తే ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. అదే 2025 సీజన్‌లో జాతీయ ఛాంపియన్ అయింది ఇండియానా. అలబామా, జార్జియా, ఒహాయో స్టేట్ లాంటి పెద్ద పేర్లేవీ కాదు, దశాబ్దాలుగా ఓటములకు మారుపేరైన ఇండియానా. పదహారు ఆటలాడి పదహారూ గెలిచింది, 2026 జనవరిలో ఫైనల్‌లో మయామీని 27–21తో ఓడించింది. 2023లో ఇదే టీమ్ పన్నెండులో మూడు గెలిచింది. అంటే కాలేజీ ఫుట్‌బాల్‌లో సమతూకం పెరిగినట్టా, తగ్గినట్టా? టీవీలో ఒకాయన పెరిగిందంటాడు, ఇంకొకాయన ఆటే నాశనమైందంటాడు. నా లెక్కలో ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు మేడ మీద జరుగుతున్నది చూసి మాట్లాడుతున్నారు, ఇంకొకరు మెట్ల దగ్గర జరుగుతున్నది చూసి మాట్లాడుతున్నారు. అది అర్థం కావాలంటే ఆటగాళ్లు టీమ్‌కు ఎలా చేరతారన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

అమెరికాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 32 టీమ్‌లుంటాయి. 1936 నుంచి అక్కడ డ్రాఫ్ట్ ఉంది. అందరికంటే అధ్వానంగా ఆడిన టీమ్‌కు మరుసటి ఏడాది కొత్త ఆటగాళ్లలో మొదటి ఎంపిక. 1994 నుంచి జీతాల మీద పరిమితి కూడా ఉంది. మన ఐపీఎల్‌లో ప్రతి టీమ్‌కూ ఒకే పర్సు ఉన్నట్టే అనుకోండి. ఓడినవాడిని లేపి నిలబెట్టే ఏర్పాటు అది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇలాంటిదేదీ లేదు. పై డివిజన్‌లోనే 130కి పైగా యూనివర్సిటీలున్నాయి. హైస్కూల్ కుర్రాడు తనకు నచ్చిన చోటికి వెళ్తాడు, పిలిచినవాళ్లలోంచి ఎంచుకుంటాడు. గెలిచినవాళ్ల దగ్గరికే వెళ్లాలనిపించడం సహజం. అక్కడ టీవీలో కనబడతాడు, ఎన్ఎఫ్ఎల్‌కు దగ్గర దారి దొరుకుతుంది. డ్రాఫ్ట్ ఓడినవాడికి మొదటి ముద్ద పెడితే, ఇలా హైస్కూల్ కుర్రాళ్లను పిలిచి చేర్చుకునే రిక్రూటింగ్ గెలిచినవాడికే రెండో ముద్ద పెడుతుంది.

పదో తరగతి ఫలితాలు రాగానే కార్పొరేట్ జూనియర్ కాలేజీల పీఆర్వోలు మంచి మార్కులొచ్చిన పిల్లల ఇళ్ల చుట్టూ ఎలా తిరుగుతారో చూసినవాళ్లకు ఈ పద్ధతి గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ, మా దగ్గర చేరితే ఐఐటీ ఖాయం. ఇక్కడ పీఆర్వో బదులు స్వయంగా హెడ్ కోచే ఇంటికొచ్చి సోఫాలో కూర్చుంటాడు. అమ్మతో మాట్లాడతాడు, అమ్మమ్మ చేసిన వంట బాగుందంటాడు. కుర్రాడిని క్యాంపస్‌కు పిలిపించి స్టేడియం, జిమ్, లాకర్ రూమ్ చూపిస్తారు. కుర్రాడు ఎవరికో ఒకరికి ‘కమిట్’ అవుతాడు. అది నోటిమాటే, సంతకం పడేదాకా ఎప్పుడైనా మారొచ్చు. ఒకప్పుడు ఫిబ్రవరి తొలి బుధవారం సంతకాల రోజుగా పెద్ద హడావుడి ఉండేది. 2017 నుంచి డిసెంబర్‌లోనూ సంతకాలు మొదలయ్యాక ఎక్కువమంది అప్పుడే ముగించేస్తున్నారు. మన దగ్గర ర్యాంకుల ప్రకటనలు చూసి ‘ఈ ర్యాంకు కాలేజీ గొప్పా, పిల్లాడి గొప్పా’ అని అడుగుతాం కదా, ఇక్కడా కోచ్‌ల గురించి ఆ ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

ఈ కుర్రాళ్లకు మార్కులు వేసే కంపెనీలున్నాయి. 247స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ లాంటివి. దేశంలో దాదాపు పది లక్షల మంది హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడతారు. వాళ్లలో ఏటా ముప్పై మంది దాకా ఐదు స్టార్లు, మూడు నాలుగు వందల మందికి నాలుగు స్టార్లు. ఆ ముప్పై అంకె ఊరికే వచ్చింది కాదు. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో 32 ఎంపికలుంటాయి, ‘వీడు ఏదో ఒకరోజు అక్కడికి చేరతాడు’ అన్న అంచనాకే ఐదో స్టార్. పదిహేడేళ్ల కుర్రాడి శరీరం, బుద్ధి నాలుగేళ్లలో ఎలా మారతాయో ఎవరు చెప్పగలరు? ఒక్కొక్కరి విషయంలో ఈ అంచనాలు తరచూ తప్పుతాయి. కానీ గంపగుత్తగా చూస్తే మాత్రం బాగానే పనిచేస్తాయి. ఈ తేడా చాలామంది అభిమానులు పట్టించుకోరు. తమ టీమ్‌లో రెండు స్టార్ల కుర్రాడు హీరో అయితే ‘స్టార్లన్నీ ఉత్తవే’ అంటారు. ఒక్కడి కథ వేరు, టీమ్ మొత్తం లెక్క వేరు.

బడ్ ఎలియట్ అనే క్రీడా జర్నలిస్టు ఈ లెక్కను ఒక సూత్రంగా మార్చాడు. ఒక టీమ్ హైస్కూళ్ల నుంచి తెచ్చుకున్నవాళ్లలో సగం కంటే ఎక్కువమంది నాలుగు, ఐదు స్టార్లవాళ్లైతేనే జాతీయ టైటిల్ గెలుస్తుంది. దాన్నే ‘బ్లూచిప్ రేషియో’ అంటారు. ఏ ఏడు చూసినా ఆ గీత దాటే టీమ్‌లు పదిహేను, పద్దెనిమిది మించవు. 2024 దాకా ఛాంపియన్ ఆ గుంపులోంచే వచ్చాడు. అంటే 130 మంది పోటీ పడుతున్నారని చెప్పుకునే ఆటలో నిజంగా బరిలో ఉన్నది పదిహేనుమందే.

ఫుట్‌బాల్‌లోనే ఇది ఇంత గట్టిగా ఎందుకు పనిచేస్తుంది? బాస్కెట్‌బాల్‌లో ఐదుగురే ఆడతారు, ఒక్క మహానుభావుడు దొరికితే చిన్న కాలేజీ కూడా మార్చి నెలలో జరిగే జాతీయ టోర్నీలో పెద్దవాళ్లను పడగొడుతుంది. ఫుట్‌బాల్‌లో దాడికి పదకొండు మంది, రక్షణకు వేరే పదకొండు మంది, కిక్కులకు మళ్లీ వేరే మనుషులు. దెబ్బలు తగలడం మామూలే. నవంబర్ వచ్చేసరికి మొదట అనుకున్న ఇరవై ఇద్దరిలో కొందరు కట్టు కట్టుకుని పక్కన కూర్చుంటారు. అప్పుడు ఆడేది రెండో వరసవాడు. వీటన్నిటికంటే ముఖ్యం లైన్‌మెన్, ముందు వరసలో ఎదుటివాళ్లను ఢీకొట్టే భారీ మనుషులు. 135 కిలోల బరువుండి, చిరుతలా కాకపోయినా గేదెలా కాకుండా పరిగెత్తగలిగిన మనిషిని కోచింగ్ తయారుచేయలేదు, పుట్టాల్సిందే. అలాంటివాళ్లు దేశం మొత్తంలో ఏటా కొద్దిమందే దొరుకుతారు. వాళ్లలో ఎనిమిది మంది ఒకే టీమ్‌లో ఉంటే నలుగురు ఆడుతుంటే నలుగురు ఊపిరి తీసుకుంటారు. ఎదుటి టీమ్‌లో ఉన్న నలుగురే అరవై నిమిషాలూ మోయాలి. చిన్న టీమ్‌లు మూడో క్వార్టర్ దాకా గట్టిగా నిలబడి నాలుగో క్వార్టర్‌లో కుప్పకూలడం మీరు చూసే ఉంటారు. అది ధైర్యం చాలకపోవడం కాదు, మనుషులు చాలకపోవడం.

ఈ నిల్వలు పెరిగితే ఏమవుతుందో అలబామా చూపించింది. నిక్ సేబన్ అక్కడ 2007 నుంచి 2023 దాకా కోచ్‌గా ఉండి ఆరు జాతీయ టైటిళ్లు గెలిచాడు. 2011 నుంచి వరసగా ఏడేళ్లు దేశంలో మొదటి ర్యాంకు రిక్రూటింగ్ క్లాస్, అంటే ఆ ఏడాది చేరిన కుర్రాళ్ల గుంపు, ఆయనదే. 2014 సీజన్ నుంచి 2023 దాకా ప్లేఆఫ్‌కు నాలుగు టీమ్‌లే వెళ్లేవి. పదేళ్లలో నలభై స్థానాలు. అందులో అలబామాకు ఎనిమిది, క్లెమ్సన్‌కు ఆరు, ఒహాయో స్టేట్‌కు ఐదు, ఓక్లహామాకు నాలుగు. నలభైలో ఇరవై మూడు నలుగురి ఇంట్లోనే. 2022లో జార్జియా నుంచి ఒక్క ఏడాదే పదిహేను మంది ఎన్ఎఫ్ఎల్‌కు డ్రాఫ్ట్ అయ్యారు. అంతమంది పోయాక టీమ్ కుంగాలి కదా, మళ్లీ టైటిల్ గెలిచింది. ఆ ఫైనల్‌లో టీసీయూను ఓడించిన స్కోరు 65–7. డాలస్ ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఆ రాత్రి బాగా గుర్తుండే ఉంటుంది. టీసీయూ ఫోర్ట్ వర్త్ టీమ్. సెమీస్‌లో మిషిగన్‌ను 51–45తో పడగొట్టి వచ్చింది, ఒక్క రాత్రి అద్భుతంగా ఆడి గెలవొచ్చని నిరూపించింది. రెండో రాత్రి కూడా గెలవాలంటే బెంచ్ కావాలి.

మరి ఆటగాళ్లకు డబ్బివ్వకూడదన్న పాత నియమం ఉండేది కదా, అది సమతూకం కోసమే కదా అని అడుగుతారు. ఎన్‌సీఏఏ, అంటే కాలేజీ క్రీడలన్నిటినీ నడిపే సంఘం, దశాబ్దాల పాటు కోర్టుల్లో చెప్పింది అదే. డబ్బు రాకపోతే అందరూ సమానం, వస్తే ధనిక యూనివర్సిటీలు మంచివాళ్లందరినీ ఎగరేసుకుపోతాయి. వినడానికి బాగుంది. కానీ పైన చెప్పిన అలబామా, క్లెమ్సన్ కథ మొత్తం డబ్బివ్వకూడదన్న నియమం ఉన్న రోజుల్లోనే మొదలైంది. కుర్రాడికి జీతం ఇవ్వకూడదంటే ఆ డబ్బు ఆగిపోదు, వేరే కాలువలో పారుతుంది. కోచ్‌ల జీతాలు, ఇరవై నాలుగు గంటల వంటశాలలు, లాకర్ రూముల్లో జలపాతాలు. వాటిలో ఎవరు ఎక్కువ పెట్టగలరు? అదే ధనికులు. ఇక చాటుగా ఇచ్చే డబ్బు ఎలాగూ ఉండేది. డాలస్‌లోని ఎస్ఎంయూ అనే యూనివర్సిటీ అభిమానులు ఆటగాళ్లకు డబ్బిచ్చి, దొరికాక కూడా ఆపకపోతే 1987లో ఎన్‌సీఏఏ ఆ టీమ్ సీజన్‌నే రద్దు చేసింది. మరుసటి ఏడాది కూడా వాళ్లు ఆడలేదు. అంత పెద్ద శిక్ష మళ్లీ ఏ పెద్ద ఫుట్‌బాల్ టీమ్‌కూ పడలేదు. ఆ దెబ్బ నుంచి తేరుకోవడానికి ఎస్ఎంయూకు దశాబ్దాలు పట్టింది. 2024లో ఏసీసీ అనే కాన్ఫరెన్స్‌లో, అంటే కలిసి ఆడి టీవీ డబ్బు పంచుకునే యూనివర్సిటీల గుంపులో, చేరడం కోసం తొమ్మిదేళ్లు టీవీ వాటా వద్దనుకుని, దాతల డబ్బుతో నడుపుకుంటామని ఒప్పుకుంది. మొదటి ఏడాదే ప్లేఆఫ్‌కు చేరింది. ఒకప్పుడు ఏ నేరానికి శిక్ష పడిందో అది ఇప్పుడు వ్యాపార ప్రణాళిక. నవ్వాలో ఏడవాలో డాలస్‌వాళ్లకే తెలియాలి.

నిజంగా సమతూకం తెచ్చిన నియమం ఒకటుండేది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది స్కాలర్‌షిప్ పరిమితి, ఒక టీమ్ ఇంతమందికే ఉచిత చదువిచ్చి చేర్చుకోవచ్చన్న గీత. 1973కు ముందు జాతీయ స్థాయిలో పరిమితే లేదు. పెద్ద కోచ్‌లు కావాల్సినంతమందిని చేర్చుకునేవాళ్లు, తమకు అవసరం లేకపోయినా ప్రత్యర్థికి దక్కకుండా ఉంటే చాలనుకుని కూడా. 1973లో 105, తర్వాత 95, 1990ల మొదటి సగంలో 85కు తగ్గించారు. ఆ మిగిలిపోయిన కుర్రాళ్లు ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి కదా. 2007 సెప్టెంబర్ 1న అపలాచియన్ స్టేట్ అనే కింది డివిజన్ టీమ్ మిషిగన్‌ను వాళ్ల స్టేడియంలోనే 34–32తో ఓడించింది. అదే ఏడాది జనవరిలో బోయిసీ స్టేట్ ఫియెస్టా బౌల్ అనే సీజన్ చివరి పెద్ద ఆటలో ఓక్లహామాను 43–42తో ఓడించింది. ఇలాంటి ఫలితాల వెనక ఆ పరిమితి పాత్ర ఎంతో కొంత ఉందని నా నమ్మకం. పెద్దవాడు ఎంత పెద్దవాడైనా ఎనభై ఐదుకు మించి దాచుకోలేకపోయేవాడు.

2018 నుంచి ఏడేళ్లలో పాత కట్టడమంతా కూలింది. 2018 అక్టోబర్‌లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. టీమ్ మారాలనుకున్నవాడు కోచ్ అనుమతి అడగకుండా తన పేరు అందులో వేయించుకోవచ్చు, వేరే కోచ్‌లు ఫోన్ చేయొచ్చు. అయినా మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న నియమం మిగిలింది. 2021లో మొదటిసారి మారినప్పుడు ఆ శిక్ష లేదన్నారు, 2024లో ఎన్నిసార్లైనా లేదన్నారు. 2021 జూన్‌లో, ఆటగాళ్లకిచ్చే చదువు సంబంధిత ప్రయోజనాల మీద పెట్టిన పరిమితుల గురించిన అల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. పది రోజులకే, జూలై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, ముఖం వాడుకోనిచ్చి ప్రకటనల డబ్బు తీసుకోవచ్చన్నారు. దీన్నే ఎన్ఐఎల్ అంటారు. ప్రకటనలన్నది పేరుకే. అభిమానులు, పూర్వ విద్యార్థులు చందాలేసుకుని ‘కలెక్టివ్’లు పెట్టి జీతాల్లాగే ఇవ్వడం మొదలుపెట్టారు. 2025 జూన్‌లో, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు రాజీకి జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదం తెలపడంతో ఆ నటన కూడా అక్కర్లేకుండా పోయింది. యూనివర్సిటీయే తన ఆటగాళ్లందరికీ కలిపి, మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా, నేరుగా పంచొచ్చన్నారు. గతంలో ఆడినవాళ్లకు పాత బకాయిల కింద దాదాపు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో చెల్లించాలి. 85 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, టీమ్ మొత్తానికి 105 మంది అన్న రోస్టర్ పరిమితి వచ్చింది.

ఇప్పుడు మేడ మీద, అంటే పైవాళ్ల సంగతి. అందరూ భయపడిందేమిటంటే డబ్బు బహిరంగమైతే ధనికులు ఇంకా ధనికులవుతారని. జరిగింది వేరు. డబ్బుతో పాటు పోర్టల్ కూడా వచ్చింది కాబట్టి బెంచ్ మీద కూర్చున్న నాలుగు స్టార్లవాడు రెండేళ్లు ఓపిక పట్టాల్సిన పని లేకుండా పోయింది. జార్జియాలో మూడో వరసలో ఉండేవాడు ఇంకో మంచి టీమ్‌లో మొదటి వరసలో ఆడతాడు, డబ్బూ ఎక్కువ. అంటే పెద్ద టీమ్‌ల అసలు బలమైన బెంచ్ కరిగిపోయింది. జీతం లేనప్పుడు కీర్తి ఒక్కటే ఆకర్షణ, కీర్తి అలబామా దగ్గరే ఉంది. జీతం వచ్చాక కీర్తి లేనివాడు డబ్బుతో ఆ లోటు పూడ్చుకోగలడు. సేబన్ 2024 జనవరిలో రిటైర్ అయ్యాడు, సరిగ్గా ఈ గాలి మారుతున్నప్పుడే.

ఇండియానా కథ అక్కడే ఉంది. కర్ట్ సిగ్నెటీ జేమ్స్ మాడిసన్ అనే చిన్న యూనివర్సిటీ నుంచి వస్తూ తన ఆటగాళ్లను పదిమందికి పైగా వెంటపెట్టుకొచ్చాడు. స్టార్లు లేనివాళ్లే, కానీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాళ్లు, కాలేజీ స్థాయిలో ఆడి చూపించినవాళ్లు. పదిహేడేళ్లవాడి వీడియో చూసి జాతకం చెప్పడం కంటే, మూడేళ్లు ఆడినవాడి రికార్డు చూసి కొనడం తేలిక. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి పోర్టల్ ద్వారా వచ్చాడు. హైస్కూల్‌లో అతని కోసం పెద్ద టీమ్‌లేవీ క్యూ కట్టలేదు. 2025లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ అతనిదే. ఇండియానా రోస్టర్‌లో నాలుగు స్టార్లవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అయినా రోజ్ బౌల్‌లో అలబామాను 38–3తో చితక్కొట్టింది. బ్లూచిప్ సూత్రం ఆ ఏడాది పగిలింది. కావాల్సినంత డబ్బు కూడా ఉందన్నది మరిచిపోకూడదు. ఇండియానా బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో ఉంది. 2023లో మొదలైన ఏడేళ్ల టీవీ ఒప్పందాలతో ఆ కాన్ఫరెన్స్‌కు వచ్చేది 700 కోట్ల డాలర్ల పైమాటే. వ్యాపారవేత్త మార్క్ క్యూబన్ లాంటి పూర్వ విద్యార్థులూ చేతులు వేశారు. కథల్లో చెప్పే పేద కుర్రాడి గెలుపు కాదిది. ధనిక వీధిలో ఉండి ఇన్నాళ్లూ ఇల్లు సరిగ్గా నడుపుకోనివాడు ఒక్కసారిగా సర్దుకోవడం.

డబ్బు ఒక్కటే చాలదని చెప్పడానికి టెక్సస్ ఎ అండ్ ఎమ్ ఉండనే ఉంది. 2022లో ఆ టీమ్ తెచ్చుకున్న రిక్రూటింగ్ క్లాస్ అప్పటిదాకా ఎవరికీ దక్కనంత గొప్పదని ర్యాంకింగ్‌లవాళ్లు తేల్చారు. ఆ ఏడు టీమ్ ఐదు గెలిచి ఏడు ఓడింది. మరుసటి ఏడాది కోచ్ జింబో ఫిషర్‌ను తీసేశారు, పొమ్మనడానికి 7.5 కోట్ల డాలర్ల పైనే ఒప్పందం ప్రకారం చెల్లించాల్సి వచ్చింది. ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజ్ స్టేషన్‌లో చదివిన మిత్రులెవరైనా ఉంటే ఈ విషయం వాళ్ల ముందు ఎత్తకండి, భోజనం మధ్యలో లేచిపోతారు.

2024 అక్టోబర్‌లో వాండర్‌బిల్ట్ అలబామాను 40–35తో ఓడించింది. నలభై ఏళ్లలో వాళ్లకు అలబామా మీద అదే తొలి గెలుపు. ఆ టీమ్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పావియా న్యూ మెక్సికోలోని జూనియర్ కాలేజీ నుంచి న్యూ మెక్సికో స్టేట్ మీదుగా వచ్చాడు. ఒహాయో స్టేట్ 2024 టైటిల్ గెలిచినప్పుడు క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్, కాన్సస్ స్టేట్ నుంచి వచ్చినవాడు. పై స్థాయిలో తలుపులు తెరుచుకున్న మాట నిజం. అభిమానిగా చూడ్డానికి ఇదే బాగుంది, సందేహం లేదు. ఎప్పుడు చూసినా అలబామా, క్లెమ్సన్ అనే రోజులు నాకేం మిస్ కావడం లేదు.

ఇక మెట్ల దగ్గర, అంటే చిన్న టీమ్‌ల సంగతి. పావియా, మెస్టమేకర్, సిగ్నెటీ వెంట వచ్చినవాళ్లు, అందరూ ఎక్కడో ఒక చిన్న టీమ్‌లో పైకొచ్చినవాళ్లే. స్టార్లు వేసేవాళ్లు చూడని కుర్రాడిని వెతికి, రెండేళ్లు తర్ఫీదిచ్చి ఆటగాడిగా నిలబెట్టేది ఆ టీమ్‌లు. పాత రోజుల్లో ఆ కష్టానికి ఫలితం వాళ్లకే దక్కేది. బోయిసీ స్టేట్ 2006 సీజన్ మొత్తం ఓటమి లేకుండా గెలిచినప్పుడు ఆ కుర్రాళ్లు మూడు నాలుగేళ్లు కలిసి ఆడినవాళ్లు. ఇవాళ అదే టీమ్ అయితే రెండో ఏడాది చివర్లోనే సగంమంది పోయేవాళ్లు. పెద్ద టీమ్‌లకు వెతికే ఖర్చు లేదు, తప్పు చేసే రిస్క్ లేదు. పంట పండాక వచ్చి కోసుకుపోతారు.

మెస్టమేకర్ మీద నాకు కోపం లేదు. హైస్కూల్‌లో అతను ప్రధాన క్వార్టర్‌బ్యాక్ కూడా కాదు. నార్త్ టెక్సస్‌కు స్కాలర్‌షిప్ లేకుండా వాక్ ఆన్‌గా వచ్చాడు. 2024 సీజన్ చివర్లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ చాండ్లర్ మోరిస్ పోర్టల్ ద్వారా వర్జీనియాకు వెళ్లిపోతే బౌల్ గేమ్‌లో ఇతనికి అవకాశం వచ్చింది. ఆ పోర్టలే లేకపోతే మెస్టమేకర్ అనే పేరు మనకు తెలిసేది కాదేమో. అతను వెళ్లిపోయిందీ ఆ తలుపులోంచే. ఒక ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ స్థాయి డబ్బు వస్తుంటే ‘మా ఊరి మీద ప్రేమతో ఉండిపో’ అనడానికి మనమెవరం? మనలో ఎంతమందిమి ఐదు వేల డాలర్ల తేడాకు కంపెనీ మారలేదు?

తప్పు కుర్రాడిది కాకపోయినా లెక్క మాత్రం తప్పే. ఓక్లహామా స్టేట్ బిగ్ 12 అనే పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉంది, నార్త్ టెక్సస్ అమెరికన్ అనే చిన్న కాన్ఫరెన్స్‌లో ఉంది, తేడా అక్కడుంది. అమెరికన్ కాన్ఫరెన్స్ తన సభ్యులకు పెట్టిన లక్ష్యం, మూడేళ్లలో కలిపి ఆటగాళ్లకు కనీసం కోటి డాలర్లు పంచమని. పెద్దవాళ్లు ఒక్క ఏడాదిలో దానికి రెట్టింపు పంచుతారు. 2026 నుంచి ప్లేఆఫ్ డబ్బులో సగానికి పైగా బిగ్ టెన్, ఎస్ఈసీ అనే రెండు కాన్ఫరెన్స్‌లే తీసుకుంటాయి. అమెరికన్‌తో సహా ఐదారు చిన్న కాన్ఫరెన్స్‌లకు కలిపి దక్కేది పదో వంతు కూడా కాదు. ఒక టీమ్ ఎంత బాగా ఆడినా ఏ కాన్ఫరెన్స్‌లో పుట్టిందన్న దాన్ని దాటలేదు. ఎన్ని ఓడినా పెద్ద కాన్ఫరెన్స్‌లో ఉన్నవాడు కిందకి దిగడు కూడా. యూరప్ సాకర్ లీగుల్లో చివరి స్థానాలవాళ్లు కింది డివిజన్‌కు దిగిపోతారు. ఇక్కడ ఒక్క ఆట గెలిచిన టీమ్ మరుసటి ఏడాది అదే టీవీ వాటా అందుకుని, పన్నెండు గెలిచిన టీమ్‌ను కొనేసింది.

కోచ్‌ల సంగతీ అంతే. 2025 చివర్లో ఒక్క అమెరికన్ కాన్ఫరెన్స్ నుంచే నలుగురు వెళ్లిపోయారు. టులేన్ నుంచి జాన్ సమ్రాల్ ఫ్లోరిడాకు, సౌత్ ఫ్లోరిడా నుంచి అలెక్స్ గోలెష్ ఆబర్న్‌కు, మెంఫిస్ నుంచి రయన్ సిల్వర్‌ఫీల్డ్ ఆర్కన్సాకు, మా మోరిస్ ఓక్లహామా స్టేట్‌కు. ప్లేఆఫ్‌ను 2024లో పన్నెండు టీమ్‌లకు పెంచి చిన్న కాన్ఫరెన్స్‌లకు ఒక స్థానం ఖాయం చేశారు. 2025లో అనుకోకుండా రెండొచ్చాయి, టులేన్‌కు, జేమ్స్ మాడిసన్‌కు. ఇద్దరి కోచ్‌లూ అప్పటికే వేరే ఉద్యోగాలకు సంతకాలు చేసి ఉన్నారు. ఓలె మిస్ చేతిలో టులేన్ 41–10తో, ఓరెగన్ చేతిలో జేమ్స్ మాడిసన్ 51–34తో ఓడాయి. మరునాడు టీవీలో ‘చూశారా, వీళ్లు ఈ స్థాయికి తగరు’ అన్నారు. తగినవాళ్లను ఏటా తీసుకెళ్లేదీ మీరే, మిగిలినవాళ్లు తగరనేదీ మీరే.

దీనికి మందేమైనా ఉందా? పోర్టల్ ఎత్తేయాలి, డబ్బు ఆపాలి అన్న మాట నేను ఒప్పుకోను. అది మళ్లీ కుర్రాడిని కట్టేసి కోచ్‌ను కోటీశ్వరుణ్ని చేయడమే. ఒక చిన్న తేడా గమనించండి. కోచ్ ఒప్పందం మధ్యలో వెళ్లిపోతే అతన్ని తీసుకునే యూనివర్సిటీ పాతవాళ్లకు బైఅవుట్, అంటే పరిహారం, కట్టడం ఎప్పట్నుంచో ఉంది. ఆటగాడు వెళ్తే ఇన్నాళ్లూ దాదాపు ఏమీ రాలేదు. సాకర్‌లో ఆటగాడు క్లబ్ మారితే ట్రాన్స్‌ఫర్ ఫీజులో ఐదు శాతం, అతనికి పన్నెండు నుంచి ఇరవై మూడేళ్ల వయసు మధ్య తర్ఫీదిచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం ఉంది. బ్రెజిల్‌లో ఏ మూలో ఉన్న చిన్న క్లబ్ కూడా ఆ డబ్బుతో మైదానం బాగుచేసుకుంటుంది. అలాంటిదొకటి ఇక్కడ ఉంటే డెంటన్ లాంటి చోట్ల కుర్రాళ్లను తయారుచేయడం నష్టం వచ్చే పని కాదు, వృత్తి అవుతుంది. కుర్రాడికీ స్వేచ్ఛ పోదు, అతని జీతంలో కోత పెట్టక్కర్లేదు, కొనేవాడు కట్టాలి.

అడ్డం వచ్చేది చట్టం. యూనివర్సిటీలన్నీ కూర్చుని ‘ఇంతకు మించి ఇవ్వొద్దు, ఇన్నిసార్ల కంటే ఎక్కువ మారొద్దు’ అని రాసుకుంటే అది వ్యాపారుల కుమ్మక్కు కిందకొస్తుంది. యాంటీట్రస్ట్ కేసు పడుతుంది, ఎన్‌సీఏఏ ఓడుతుంది. గత పదేళ్లలో దాదాపు ప్రతిసారీ జరిగింది ఇదే. ఎన్ఎఫ్ఎల్‌కు డ్రాఫ్టూ జీతాల పరిమితీ ఎలా సాధ్యమయ్యాయంటే అక్కడ ఆటగాళ్ల యూనియన్ ఉంది. యాజమాన్యం, యూనియన్ బేరమాడుకుని సంతకం పెట్టిన నియమాల జోలికి ఆ చట్టం రాదు. అంటే కాలేజీల్లో నిలబడే నియమాలు కావాలంటే ఆటగాళ్లను ఉద్యోగులుగా ఒప్పుకుని వాళ్ల సంఘంతో బేరానికి కూర్చోవాలి. ఉద్యోగులు అనగానే పీఎఫ్ లాంటి ఖర్చులు, గాయాలకు పరిహారం, పన్నులు, సమ్మె హక్కు, అన్నీ వస్తాయి. యూనివర్సిటీలకు అది ససేమిరా ఇష్టం లేదు. అందుకే ఎన్‌సీఏఏ యాంటీట్రస్ట్ నుంచి మినహాయింపు కోసం ఏళ్ల తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరుగుతోంది. వంద కోట్ల డాలర్ల టీవీ వ్యాపారం చేస్తూ, కాంగ్రెస్ దగ్గర మాత్రం మేం చదువులు చెప్పుకునేవాళ్లమని చెబుతోంది. నన్నడిగితే ఆ మినహాయింపు ఇవ్వకూడదు. ఇస్తే పెద్ద కాన్ఫరెన్స్‌లు తమకు కావాల్సిన నియమాలు తామే రాసుకుంటాయి, ఆ గదిలో నార్త్ టెక్సస్ లాంటివాళ్లకు కుర్చీ ఉండదు, ఆటగాళ్లకు అసలే ఉండదు.